సైకస్‌కు తొందర పనికిరాదు

"గిదేంది వదినె, దీనితోని కొన్న మందారం గోడెక్కి పూస్తున్నది, గీ చెట్టు మూడేండ్ల సంది జానెడు కూడ లేవలేదు. ఏమన్న దిష్టి తగిలిందా?" అని మా కాశిబుగ్గలో నన్ను అడిగినవాళ్లు ఒకరిద్దరు కాదు. అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. దిష్టీ లేదు, జబ్బూ లేదు. సైకస్ నడకే అంత. ఏడాదికోసారి ఒక వరస ఆకులు వేస్తుంది. బాగా కుదిరితే రెండుసార్లు వేస్తుంది. తక్కిన నెలలన్నీ కదలక మెదలక కూర్చుంటుంది. మొండెం ఏడాదికి ఒక వేలి వెడల్పు పెరిగితే బాగా పెరిగినట్టే లెక్క.

ఈ సంగతి తెలియక మనవాళ్లు దాన్ని తొందరపెడతారు. గుప్పెళ్లకొద్దీ యూరియా వేస్తారు, పొద్దునో చెంబు సాయంత్రమో చెంబు నీళ్లు పోస్తారు, వేరు పట్టిందో లేదో అని మాటిమాటికీ కదిపి చూస్తారు. నేను చూసినంతలో నీళ్లు చాలక చచ్చిన సైకస్ తక్కువ, నీళ్లెక్కువై మొదలు కుళ్లి చచ్చినవే ఎక్కువ.

ముందు ఇదేం చెట్టో తెలుసుకుందాం. ఆకులు చూసి చాలామంది ఈత జాతి అనుకుంటారు. అమ్మేవాళ్లు కూడా 'సాగో పామ్' అనే పేరుతో అమ్ముతారు. నిజానికి తాటికీ, ఈతకూ, దీనికీ చుట్టరికమే లేదు. అవి పూలు పూసే చెట్లు. సైకస్‌కు పువ్వూ ఉండదు, పండూ ఉండదు. విత్తనం మాత్రం ఉంటుంది, అదీ ఏ కాయలోనూ దాక్కోకుండా బయటికే కనబడుతుంది. చుట్టరికం కలపాలంటే దేవదారు, పైన్ చెట్ల వైపు కలపాలి. మన ఇండ్లల్లో, ఆఫీసుల ముందర, ఫంక్షన్ హాళ్ల గేట్ల దగ్గర కనబడేది ఎక్కువగా సైకస్ రివొల్యూటా అనే రకం. దాని పుట్టిల్లు జపాన్ దక్షిణాన ఉన్న దీవులు. గోదావరి జిల్లాలో కడియం నర్సరీలు ఉన్నాయి కదా, అట్లాంటి చోట పెరిగి లారీల్లో మన దాకా వస్తుంది.

ఈ జాతి ఎంత పాతదంటే, భూమ్మీద పువ్వు అనేది పుట్టకముందే ఇవి ఉన్నాయి. 25 కోట్ల ఏండ్లకు పైబడిన రాళ్లలో వీటి ఆనవాళ్లు దొరికాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలకు చూపించే పెద్ద డైనోసార్ అస్థిపంజరం ఉంది చూశారా, కోటాసారస్ అని, అది ఎక్కడిదో కాదు, మన ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిందే. అది తిరుగాడిన కాలంలో సైకస్ జాతి చెట్లు లోకమంతా ఉండేవి. అట్లాగని మీ వరండాలో ఉన్నది అచ్చంగా అప్పటి మొక్కే అని పిల్లలకు చెప్పకండి. వంశం పాతదే గాని, ఇప్పుడున్న రకాల్లో చాలావరకు కోటి ఏండ్ల చిల్లర కింద వచ్చినవేనని 2011లో శాస్త్రజ్ఞులు తేల్చారు.

మరి ఇంత మెల్లగా పెరిగేది ఎన్నాళ్లు బతుకుతుంది? లండన్ దగ్గర క్యూ అనే చోట పెద్ద తోట ఉంది. అక్కడ ఒక సైకస్ జాతి చెట్టును 1775లో దక్షిణాఫ్రికా నుంచి ఓడ మీద తెచ్చి పెట్టారు. ఇప్పటికీ అది కుండీలోనే ఉంది. లోకంలోని కుండీ మొక్కల్లో అన్నిటికంటే పాతది అదేనంటారు. ఇన్నేండ్లలో అక్కడ అది పొత్తు వేసింది ఒకే ఒక్కసారి, 1819లో. మనమేమో మూడేండ్లకే మొహం మాడ్చుకుంటాం!

పొత్తు అన్నాను కదా, అదేమిటో చెప్తాను. సైకస్‌లో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మన బొప్పాయిలో ఉన్నట్టే. మగ చెట్టు నడినెత్తిన మొక్కజొన్న పొత్తు లాంటిది, అంతకంటే బాగా లావుది, నిట్టనిలువుగా లేస్తుంది. అందులో పుప్పొడి ఉంటుంది. ఆడ చెట్టుకు పొత్తు రాదు. నడుమ పసుపురంగు ఉన్ని చుట్టినట్టు, విప్పారిన గోబీపువ్వు మాదిరి ఒక గుబురు వస్తుంది. దాంట్లో ఒక్కో రేకుకు అటూ ఇటూ గింజలు పట్టుకుని ఉంటాయి. పుప్పొడి గాలికో పురుగుల వల్లో ఆడ చెట్టును చేరాలి. చేరాక దాంట్లోని మగ కణాలు నీటిలో చేపపిల్లల్లాగా ఈదుకుంటూ వెళ్లి కలుస్తాయి. విత్తనం వేసే చెట్లలో ఇట్లా ఈదే కణాలు ఇంకా మిగిలింది ఈ జాతికీ, గింకో అనే చెట్టుకూ మాత్రమే. సైకస్‌లో దీన్ని 1896లో ఇకెనో అనే జపాన్ ఆయన కనిపెట్టాడు. ఇంట్లో ఉన్నది ఆడదో మగదో పొత్తు వేసేదాకా ఎవరూ చెప్పలేరు. దానికి పది పదిహేనేండ్లు పట్టవచ్చు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. 'ఇది ఆడ మొక్కమ్మా' అని రెండాకుల పిల్లను చూపించి ఎక్కువ ధర చెప్పేవాణ్ణి నమ్మకండి.

ఈ ఆడా మగా సంగతి ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, మన సొంత సైకస్ ఒకటి ఉంది. దాని గతి ఈ పొత్తు మీదే ఆధారపడి ఉంది.

వరంగల్ నుంచి పద్మావతిలోనో కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లోనో తిరుపతికి పోయి మొక్కు తీర్చుకోనివాళ్లు మనలో తక్కువ. ఆ శేషాచలం కొండల్లో, అక్కణ్నుంచి కడప వైపు సాగే కొండల్లో ఎండిన గడ్డి నడుమ పొట్టిగా ఒక సైకస్ పెరుగుతుంది. పేరిత అంటారు దాన్ని. శాస్త్రం పేరు సైకస్ బెడ్డోమై. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖలో పెద్ద అధికారిగా చేసిన బెడ్డోమ్ అనే దొర పేరు మీద 1883లో ఆ పేరు పెట్టారు. లోకం మొత్తంలో అది తనంత తానుగా పెరిగేది ఆ కొండల్లోనే. ఇంకెక్కడా లేదు. మొండెం మహా అయితే మన నడుం ఎత్తు, అరుదుగా అంతకు మించి ఉంటుంది. ఆకులు సన్నగా, రెక్కల అంచులు లోపలికి మడతపడి ఉంటాయి, ఎండకు తట్టుకోవడానికి. కార్చిచ్చు వచ్చి ఆకులన్నీ మాడిపోయినా లోపలి మొగ్గ బతికే ఉంటుంది, నాలుగు వానలు పడితే మళ్లీ చిగురిస్తుంది. అంత గట్టిది.

అంత గట్టిదానికి ముప్పు ఎక్కణ్నుంచి వచ్చిందంటే మన దగ్గర్నుంచే. మగ పొత్తు బలానికి మంచిదని, ఒంటికి సత్తువ వస్తుందని మందుల కోసం కోసుకుపోతారు. మొండెం లోపలి గుజ్జు కోసం చెట్టునే నరికేవాళ్లూ ఉన్నారు. మగ పొత్తు కోసేస్తే ఆ చుట్టుపక్కల ఆడ చెట్లకు ఆ ఏడు పుప్పొడి ఉండదు. గింజలు వచ్చినా తాలే. ఏటా పొత్తు వేసే చెట్టా అంటే అదీ కాదు. ఇట్లా కొన్నేండ్లు కోస్తూ పోతే పైకి కొండ మీద చెట్లు పచ్చగానే కనబడతాయి, కింద మాత్రం పిల్ల మొక్క ఒక్కటీ ఉండదు. దానికి తోడు మాటిమాటికీ నిప్పు పడితే మొలిచిన ఒకటి రెండూ మిగలవు.

పూర్తిగా మగవే మిగిలితే ఏమవుతుందో చూడాలంటే దక్షిణాఫ్రికా సంగతి వినాలి. 1895లో అక్కడ న్గోయె అనే అడవిలో వుడ్ అనే ఆయనకు ఈ కుటుంబంలోనే ఒక కొత్త రకం కనబడింది. ఒకే దుబ్బు, అదీ మగది. దాని జోడీ కోసం అప్పట్నుంచి వెతుకుతూనే ఉన్నారు, ఆడ చెట్టు ఈనాటికీ దొరకలేదు. అడవిలో ఇప్పుడు అదీ లేదు. తోటల్లో ఉన్నవన్నీ దాని పిలకలే, అన్నీ మగవే. పొత్తులు వేస్తాయి, పుప్పొడి రాల్చుకుంటాయి, అంతే. చదివినప్పుడు నా ప్రాణం ఎట్లాగో అయింది.

మన పేరిత ఇంకా అంతదాకా రాలేదు. ఆడా మగా రెండూ కొండ మీద ఉన్నాయి. వన్యప్రాణి రక్షణ చట్టానికి 1991లో సవరణ చేసినప్పుడు దేశం మొత్తం మీద పేరుపెట్టి కాపాడాలన్న మొక్కల పేర్లు ఆరే. అందులో ఒకటి ఇది. అడవిలోంచి తవ్వినా, కోసినా, అమ్మినా నేరం. విదేశాలకు అమ్మడం మీద కూడా అన్నిటికంటే కఠినమైన నిషేధం దీనికుంది. 2010లో శేషాచలం కొండలను బయోస్ఫియర్ రిజర్వు అన్నారు. అయినా కొనేవాళ్లుంటే కోసేవాళ్లుంటారు. అందుకని అక్కయ్యలకూ చెల్లెళ్లకూ నా మాట: 'కొండ మొక్కమ్మా, అసలు సిసలుది, వందేండ్ల మొండెం' అని ఎవరైనా తెస్తే బేరమాడకుండా పంపించేయండి. నర్సరీలో పెరిగినదానికీ అడవిలో తవ్వినదానికీ తేడా కనిపెట్టడం కష్టమేం కాదు. నర్సరీదైతే మొండెం చిన్నగా, గుండ్రంగా, శుభ్రంగా ఉండి కుండీ నిండా వేర్లు పరుచుకుని ఉంటుంది. తవ్వి తెచ్చినదైతే వేర్లు గొడ్డలితో నరికినట్టుంటాయి, మొండెం మీద పాత మంటల మసి, దెబ్బలు ఉంటాయి. ఆ పొత్తు పొడి డబ్బాలో పోసి బలానికని అమ్మినా అంతే, మీ ఇంటాయనకు ఇప్పించకండి. బలానికి ఇంట్లో నువ్వులున్నాయి, బెల్లముంది. పైగా ఈ జాతి మొక్కల్లో విషముంది.

పిల్లలున్న ఇల్లూ, కుక్క ఉన్న ఇల్లూ అయితే ఇక్కడ ఇంకాస్త నిదానంగా చదవండి. సైకస్‌లో ఆకు నుంచి వేరు దాకా అన్నిట్లో సైకసిన్ అనే విషం ఉంటుంది, గింజల్లో మరీ ఎక్కువ. గింజలేమో నారింజ రంగులో, ఎర్రగా, ఆడుకునే గోలీల్లాగా నిగనిగలాడుతుంటాయి. తింటే కొద్ది గంటల్లో వాంతులు, కడుపునొప్పి, ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. కుక్క ఒకటి రెండు గింజలు నమిలినా చచ్చిపోవచ్చు. పిల్లవాడు నోట్లో పెట్టుకున్నాడని తెలిస్తే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడాలు, చిట్కాలు వద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి, ఆ గింజ ముక్క కూడా పొట్లం కట్టి తీసుకుపోయి డాక్టరుకు చూపించండి. ఇంట్లోది ఆడ చెట్టని తేలితే గింజలు రంగు తిరగకముందే ఆ గుబురు కోసి చెత్తలో వేయడం మేలు. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి. ఆకు కాడ కింది భాగంలో ముళ్లుంటాయి, రెక్కల కొసలు సూదుల్లాగుంటాయి. అందుకని పసిపిల్లల కండ్ల ఎత్తున, నడిచే దారి పక్కన కుండీ పెట్టకూడదు.

అన్నట్టు, సాగో అనే పేరు విని చాలామందికి ఒక అనుమానం. మనం వండుకునే సగ్గుబియ్యం ఈ చెట్టుదేనా అని. కానే కాదు. మన సగ్గుబియ్యం కర్రపెండలం దుంప పిండితో చేసినవి. సామర్లకోట, పెద్దాపురం వైపు, తమిళనాడులో సేలం వైపు మిల్లుల్లో తయారవుతాయి. ఉపవాసం నాడు నిశ్చింతగా కిచిడీ చేసుకోండి, వడియాలు పెట్టుకోండి. అసలు సాగో చెట్టనేది వేరే ఉంది, అది ఇండొనేషియా, న్యూగినీ వైపు పెరిగే తాటి జాతిది.

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి, సైకస్‌ను తినేవాళ్లు అసలు లేకపోలేదు. కేరళలో మలబారు వైపు వాళ్ల కొండల సైకస్‌ను 'ఈంతు' అంటారు. దాని గింజలు పగలగొట్టి, ఎండబెట్టి, నీళ్లు మార్చి మార్చి నానబెట్టి, మళ్లీ ఎండబెట్టి పిండి పట్టిస్తారు. ఆ పిండితో చిన్న చిన్న ఉండలు చేసి మాంసం కూరలో వేసి ఉడికిస్తారు. తరతరాలుగా తల్లుల చేతి కింద నేర్చుకున్న పని అది. ఒక్క నానబెట్టడం తప్పితే ఏమవుతుందో జపాన్‌లో ఒకినావా దీవుల వాళ్లకు తెలుసు. 1920లలో చక్కెర ధర పడిపోయి అక్కడ జనానికి తిండి లేక సైకస్ మొండెం, గింజలు తిన్నారు. సరిగ్గా కడగక తిన్నవాళ్లు చచ్చిపోయారు. ఆ రోజులకు అక్కడ 'సైకస్ నరకం' అనే పేరే మిగిలిపోయింది. ఇది వంటల పత్రిక గనుక మరీ చెప్తున్నాను, ఎవరూ ప్రయోగాలు చేయకండి.

ఇక పెంచడం. మట్టికుండీ మంచిది, అడుగున పెద్ద చిల్లు ఉండాలి. మొండెం కంటే నాలుగు వేళ్లు వెడల్పుంటే చాలు, గంగాళమంత కుండీ అక్కర్లేదు. ఎర్రమట్టి ఒక పాలు, దొడ్డు ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు అరపాలు, పిడికెడు వేపపిండి. మా వైపు నల్లరేగడి దొరుకుతుందని అదే నింపుతారు కొందరు, అది నీళ్లు పట్టి ఉంచుతుంది, వద్దు. మొండెం సగం పైన మట్టి మీద కనబడాలి, ఉల్లిగడ్డలాగా పాతిపెట్టకూడదు. మట్టిలో వేలు పెట్టి రెండు కణుపుల దాకా పొడిగా ఉంటేనే నీళ్లు. మా వరంగల్ ఎండలకు మే నెలలో రెండు రోజులకోసారి, వానాకాలంలో వాన నీళ్లే చాలు, చలికాలంలో పది రోజులకోసారి. నీళ్లు మొక్క నడినెత్తిన పోయకండి, చుట్టూ పోయండి.

కుండీలో పైపైన మట్టి మీదికి పగడాల కొమ్మల్లాగా గుత్తులు గుత్తులుగా వేర్లు పొడుచుకొస్తాయి. చూసి పురుగు పట్టిందని కోసేస్తుంటారు. కోయకండి. వాటిలో నీలి ఆకుపచ్చ నాచు కాపురముంటుంది, అది గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకిస్తుంది. వరి మడిలో అజొల్లా వేస్తారు చూడండి, దాంట్లో ఉండేదీ ఈ తీరు నాచే. సొంతంగా ఎరువు చేసుకునే చెట్టు గనుకనే యూరియా అక్కర్లేదన్నాను. ఏడాదికి రెండుసార్లు పిడికెడు వర్మీకంపోస్టు వేస్తే ఎక్కువ. కొత్త ఆకులు పచ్చగా రాకుండా పసుపుగా, ముడతలు పడి, మాడినట్టు వస్తే మాత్రం మాంగనీస్ తక్కువైందని అర్థం. ఎరువుల దుకాణంలో మాంగనీస్ సల్ఫేట్ దొరుకుతుంది, నాలుగు లీటర్ల నీళ్లలో ఒక చిన్న చెంచా కలిపి చల్లాలి. పాడైన ఆకు బాగుపడదు, వచ్చే వరస బాగొస్తుంది.

అసలు జాగ్రత్త కొత్త ఆకులు వచ్చే మూడు వారాల్లో. మా వైపు ఎండాకాలం చివరికో, తొలకరికో వస్తాయి. నడుమ మెత్తటి ఉన్నిలోంచి చుట్టలు చుట్టుకుని లేత ఆకులన్నీ ఒక్కసారే లేస్తాయి. అప్పుడు కుండీని కదపొద్దు, తిప్పొద్దు, ఎండలోంచి నీడకు తేవద్దు. తెస్తే ఆకులు సాగి, వంకరపోయి, ఆ ఏడంతా అట్లాగే ఉంటాయి. ఆ లేత చిగుళ్ల మీద నల్లచీమలు తిరుగుతున్నాయంటే వెంటనే కండ్లద్దాలు పెట్టుకుని వెతకండి. చిన్న నీలం సీతాకోకచిలుక ఒకటుంది, సరిగ్గా ఈ చిగుళ్లు చూసే గుడ్లు పెడుతుంది. దాని పురుగులు ఆకు రంగులోనే ఉంటాయి, రెండు రోజుల్లో వరస మొత్తం తినేసి ఈనెలు మిగులుస్తాయి. పురుగుల ఒంటి నుంచి వచ్చే తీపి రసం కోసం చీమలు వాటికి కాపలా ఉంటాయి. ఏడాదికి వచ్చేదే ఒక్క వరస, అదీ పోతే మళ్లీ ఏడాది దాకా బోడిగుండే! చిగురు కనబడ్డ నాడే పాత దోమతెర ముక్క వదులుగా కప్పి కింద దారంతో కట్టండి. ఆకులు గట్టిపడ్డాక తీసేయండి. పురుగు అప్పటికే పడితే చేత్తో ఏరి, వేపనూనె నీళ్లు సాయంత్రం పూట చల్లండి.

ముదురాకుల అడుగున తెల్లగా సుద్ద చల్లినట్టుంటే అది పొలుసు పురుగు. పాత టూత్‌బ్రష్, సబ్బునీళ్లు, ఓపిక. వారానికోసారి నెల రోజులు తోమాలి. బాగా పట్టిన ఆకులు కోసి కాల్చేయండి, పక్క కుండీ మీద పెట్టకండి. పచ్చగా ఉన్న ఆకులను మాత్రం అందం కోసం కోయొద్దు, చెట్టు తిండి వాటిలోనే ఉంది.

మొక్క కాస్త వయసుకొస్తే మొదట్లో ఉల్లిగడ్డల్లాంటి పిలకలు వేస్తుంది. ఇరుగుపొరుగుకు పంచడానికి ఇంతకంటే మంచి దారి లేదు, అడవి జోలికి పోకుండా ఎన్ని మొక్కలైనా అవుతాయి. పిలక కోడిగుడ్డంత అయ్యాక చలికాలం పోయే రోజుల్లో పదునైన కత్తితో మొండెం నుంచి వేరు చేయండి. దానికున్న ఆకులన్నీ కోసేసి, కోత మీద పసుపు అద్ది, వారం పది రోజులు నీడలో ఆరనివ్వండి. తర్వాత ఉత్త ఇసుకలో సగం దిగేటట్టు పెట్టి, ఇసుక ఆరినప్పుడే నాలుగు చుక్కలు చిలకరించండి. వేరు రావడానికి నాలుగైదు నెలలు, మొదటి ఆకుకు ఇంకా ఎక్కువే పట్టవచ్చు. మధ్యలో పీకి చూడకుండా ఉండటానికి కుండీ మీద నాటిన తేదీ పెయింటుతో రాసుకోండి, సుద్దతో రాస్తే వానకు పోతుంది.